తల్లిరాయి

మామగారి తెల్లచొక్కా మళ్ళీ వెనక్కి వచ్చింది. మంచం మీద పెట్టినదాన్ని మడత విప్పకుండా తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, "పసుపుగా ఉందమ్మాయ్" అని చెప్పి ఆయన వెళ్ళిపోయారు. కోప్పడలేదు. పనిగదిలో రంగురాళ్ళను తిప్పి పంపేటప్పుడూ ఆయన కోప్పడరు. నచ్చని రాయిని పట్టకారుతో బల్ల చివరికి జరుపుతారు, అంతే.

కోడలు చొక్కాను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. మెడ దగ్గర చూసింది, చంకల దగ్గర చూసింది. పసుపన్నది దాని వంశంలోనే లేదు. ఈ పేచీ మొదలైనప్పుడు ఆయన సబ్బుది తప్పన్నారు, సబ్బు మార్చింది. తర్వాత నీళ్ళది తప్పన్నారు, నీళ్ళు మార్చడం ఆమె చేతిలో లేదు. ఇప్పుడిక మిగిలింది తనే కాబట్టి, తన వంతు రాకముందే జాగ్రత్త పడటం మంచిదని బకెట్టు నిండా నీళ్ళు పట్టి, నీలిమందు సీసాను ఎప్పటికంటే ధారాళంగా వంచింది.

ఈ ఇంట్లో తెల్లచొక్కా అంటే మాటలు కాదు. కింద పనిగది, పైన కాపురం. పని రంగురాళ్ళది. రంగు తేల్చే బల్ల దగ్గర కూర్చునే మనిషి తెలుపు తప్ప తొడగకూడదు. ఒంటి మీది రంగు రాయిలోకి దూకుతుందనీ, ఎర్రచొక్కా వేసుకున్నవాడికి గాజుముక్క కూడా కెంపులా కనిపిస్తుందనీ మామగారి సిద్ధాంతం. ఆ సిద్ధాంతం పుణ్యమా అని కోడలి రంగుచీరలన్నీ బీరువాలో శిక్ష అనుభవిస్తున్నాయి. ఆమెకు పగటిపూట బూడిదరంగే గతి. రంగులు అమ్ముకుని బతికే ఇంటికి కోడలిగా వచ్చి బూడిదరంగు కట్టుకోవడం ఎలా ఉందంటే మిఠాయికొట్టు వాళ్ళింట్లో అందరికీ షుగరున్నట్టు ఉందని పుట్టింటికి ఫోను చేసినప్పుడల్లా చెబుతూ ఉంటుంది.

మర్నాటికి చొక్కా ఆరింది. ఆకాశం రంగు వచ్చింది. లేతగా అన్నా కాదు, ఎవరూ కాదనలేనంత ఆకాశం. ఇది చూస్తే చీవాట్లు తప్పవనుకుంటూనే మంచం మీద పెట్టింది. కాసేపటికి మామగారు అది తొడుక్కుని, గుండీలు పెట్టుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"తెలుపంటే ఇదీ. ఇన్నాళ్ళూ ఈ మాత్రం శ్రద్ధ ఎక్కడ దాచావమ్మాయ్?"

పక్కన కూరగాయలు తరుగుతున్న అత్తగారు తలెత్తి భర్త చొక్కాను చూసి, వెంటనే తల దించుకుని, అవసరానికి మించిన శ్రద్ధతో వంకాయ తరగసాగింది.

*

పనిగదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ. ఎండ నేరుగా పడని ఆ వెలుతురులో రాయి అబద్ధమాడదు. కిటికీ కింద బల్ల, బల్ల మీద తెల్లకాగితం, దాని ముందు మామగారి కుర్చీ. ఆ కుర్చీలో ఆయన ఉన్నంతసేపూ ఎవరూ పిలవకూడదు. గ్యాసు అయిపోయినా, చుట్టాలు దిగినా, "రంగు చూస్తున్నారు" అన్న ఒక్క మాటకి ప్రపంచం గుమ్మం బయటే ఆగిపోవాలి. పెళ్ళయిన కొత్తలో ఈ ఏర్పాటు మీద కోడలికి కలిగిన అసూయ ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

ఆమె చోటు బల్ల పక్కనున్న స్టూలు. ఒక్కో రాయికీ కాగితం మడిచి పొట్లం కట్టడం, ఆయన పైకి చెప్పిన రంగును, మేలిదైతే మొదటి రంగనీ తక్కువదైతే రెండో రంగనీ, పొట్లం మీద పెన్సిలుతో రాయడం ఆమె పని. రాయి జారిపోకుండా పొట్లం కట్టడానికి డిగ్రీ అక్కర్లేదు గానీ, ఉంటే అడ్డు మాత్రం రాదని ఆమె అభిప్రాయం.

గదికి అటు చివర మెరుగక్క. రాళ్ళకు సానపట్టి మెరుగు పెట్టేది ఆమె కాబట్టి ఆ పేరు. పుల్ల చివర లక్కతో రాయిని అతికించి, మోటారు మీద తిరిగే రాగి చక్రానికి వజ్రపు పొడి కలిపిన నూనె రాసి, రాయిని అలా తాకించి ఇలా తీసి చూస్తుంది. తాకించేది తక్కువ, చూసేది ఎక్కువ. చక్రం తిరుగుతున్నంతసేపూ ఆమె నోరు మూసుకుని ఉంటుంది. మోటారు ఆగిందంటే ఎవరికో మూడిందన్నమాట.

"రెండో రంగు," అన్నారు మామగారు.

కోడలు రాసింది.

"ఇదీ రెండో రంగే. ఆకుపచ్చ జీర కనిపిస్తోంది. దిశ తప్పింది."

మోటారు ఆగింది.

"ఎవరికి తప్పింది పెద్దయ్యా?" అంది మెరుగక్క.

నీలాలకు ఒక తిక్క గుణం ఉంది. ఒకవైపు నుంచి చూస్తే నిండు నీలం. అదే రాయిని పక్కకు తిప్పితే ఆ నీలంలో ఎక్కడినుంచో ఆకుపచ్చ జీర వచ్చి కూర్చుంటుంది. నిండు నీలం పైముఖానికి వచ్చేలా రాయిని నిలబెట్టి కొయ్యడంలోనే పనితనమంతా ఉంది. అక్కడ కాస్త అటూ ఇటూ అయితే, కోట్ల ఏళ్ళు మట్టికింద పడి ఉండి తెచ్చుకున్న రంగు ఒక్క పూటలో గంగపాలు. అందుకే సానపట్టేవాళ్ళను దిశ తప్పిందనడమూ, వంట చేసేవాళ్ళను చెయ్యి కడుక్కోలేదనడమూ ఒకటే.

"ముడిరాయి మీద సిరాగుర్తు పెట్టింది మీరు. ఆ గుర్తు మీదే పట్టాను," అంది మెరుగక్క.

"గుర్తు సరిగ్గానే పెట్టాను. పట్టేటప్పుడు జరిగింది."

"జరగడానికి అదేమన్నా బల్లా? ఇన్నేళ్ళూ జరగనిది ఈ ఏడే జరుగుతోందా?"

"వయసు మీదపడితే చెయ్యి వణుకుతుంది. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు."

మెరుగక్క ఆయన కంటే ఒక తరం చిన్నది. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ ఆయన్ను పైనుంచి కిందకి చూసింది.

"వయసు సంగతి తర్వాత. బల్ల దగ్గర రంగుబట్ట కనబడితే గుమ్మంలోంచే వెనక్కి పంపే మనిషి, ఇవాళ తమరే నీలం చొక్కా వేసుకుని కూర్చున్నారేంటి?"

మామగారు వంగి తన చొక్కా చూసుకున్నారు. "ఇది తెలుపు," అన్నారు.

మెరుగక్క కోడలి వైపు చూసింది. కోడలు పొట్లం వైపు చూసింది. మామగారు ఇంకోసారి చొక్కాను చూసుకుని, పట్టకారు చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టారు.

ఆ ఇబ్బందిలోకి కోడలి భర్త చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చాడు. రాళ్ళు కొనడం, అమ్మడం అతని శాఖ. లోపలి జేబులోంచి పొట్లం తీసి, పెళ్ళిచూపుల్లో పిల్లను తీసుకొచ్చినట్టు నెమ్మదిగా విప్పి, తెల్లకాగితం మీద పెట్టాడు.

"నాన్నా, ఇది చూడండి. కొలిమి మొహం చూడని రాయి."

ద్రాక్షపండంత ముడినీలం. అందరూ బల్ల చుట్టూ చేరారు. మెరుగక్క కూడా తగువు సగంలో ఆపి వచ్చింది. అలాంటి రాయి ముందు తగువు కాసేపు ఆగగలదు.

ఈ రాయి అసలు సరుకు అరుదైనదేమీ కాదు. ఆ పదార్థం భూమిలో కావలసినంత ఉంది, రంగూ రుచీ లేకుండా పడి ఉంటుంది. అందులోకి పిసరంత ఇనుము, మరో పిసరు టైటానియం సరైన పాళ్ళలో వచ్చి చేరితే ఇంత నీలం. పిసరు ఎక్కువైతే బొగ్గులా నల్లబడుతుంది, తక్కువైతే వెలిసిపోతుంది. కూరలో ఉప్పు లాంటిదే ఇదీ. కాకపోతే ఇక్కడ వండేవాళ్ళెవరూ లేరు, రుచి చూసి సరిచేసేవాళ్ళూ లేరు. కుదిరితే కుదిరినట్టు. కుదరనివాటిని కొలిమిలో పెట్టి కాల్చి రంగు తెప్పిస్తారు. బజారంతా వాటితోనే నిండి ఉంటుంది. పుట్టుకతోనే కుదిరింది మాత్రం ఏ ఏడాదికో ఒకటి ఇలా జేబులో కూర్చుని వస్తుంది.

మామగారు భూతద్దం కంటికి ఆనించారు. "పట్టుపోగులున్నాయి," అన్నారు. గొంతులో ప్రేమ తెలుస్తోంది. రాయి లోపల మంచుతెరలా కనిపించే సన్నటి పోగులవి. కాలిస్తే కరిగిపోతాయి. అవి ఉన్నాయంటే రాయి నిప్పు తాకలేదన్నమాట. మనుషులకు మచ్చ లేకపోవడం గొప్ప, ఈ రాయికి మచ్చ ఉండటమే గొప్ప.

మెరుగక్క అరచేయి చాపింది. కొత్త ముడిరాయి వచ్చినప్పుడు అలా చాపడమూ, ఆయన అందులో పెట్టడమూ వాళ్ళిద్దరికీ ఎప్పటినుంచో ఉన్న అలవాటు.

మామగారు రాయిని పొట్లంలో పెట్టేశారు. "దీన్ని వంతెన అవతల ఉన్న వేరేవాళ్ళ పనిగదికి పంపిద్దాం. శనివారం సాయంత్రం అబ్బాయి తీసుకెళ్తాడు." కాసేపాగి, కిటికీలోకి చూస్తూ, "చేతిలో ఉన్న పనీ శనివారానికి అయిపోతుంది కదా మెరుగక్కా. ఆ తర్వాత నువ్వు కూడా ఇంకో చోటు చూసుకుంటే మంచిది," అన్నారు.

చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. మెరుగక్క దాన్ని ఓసారి, ఎవరో మరిచిపోయి వదిలేసిన వస్తువులా చూసి, వెనక్కి తీసుకుని, వెళ్ళి మోటారు వేసింది.

*

మధ్యాహ్నం మామగారు భోజనానికి పైకి వెళ్ళగానే కోడలు ఒక పని చేసింది. బల్ల సొరుగులో అడుగున, తుప్పుపట్టిన రేకుడబ్బాలో తల్లిరాయి ఉంటుంది. మామగారి తండ్రి తన చేత్తో సానపట్టిన నీలం అది. దాని పక్కన పెట్టి చూసి, దానికి తీసిపోకపోతేనే మొదటి రంగు. ఈ బల్ల మీది తీర్పులకు అదే ఆధారం. అయితే మామగారు దాన్ని బయటికి తీసి చాలా కాలమైంది. "తల్లిరాయి నా కంట్లోనే ఉంది" అంటారు. కన్ను అంత బాగా కుదిరినవాళ్ళు అలా అంటే ఎవరూ ఎదురు చెప్పరు.

ఆమె తల్లిరాయిని కాగితం మీద పెట్టి, రెండో రంగు అని తను రాసిన పొట్లాలను ఒక్కొక్కటే విప్పి పక్కన పెట్టింది. మొదటిదాన్ని చూసి తన కన్నే తప్పేమో అనుకుంది. రెండోదాన్ని చూసి చెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆపైన తుడుచుకోవడం మానేసింది. ఒక్కటి తప్ప అన్నీ తల్లికి తగ్గ పిల్లలే.

"ఏం కోడలుపిల్లా, దొంగతనమా?"

మెరుగక్క చేతిలో టిఫిన్ డబ్బాతో వెనకే నిలబడి ఉంది.

"దొంగతనమే అక్కా. ఇటు రా, వాటా ఇస్తాను. ఇవన్నీ మొదటి రంగు కాదూ?"

మెరుగక్క వంగి చూడలేదు. "నేను పట్టిన రాళ్ళు నాకు చూపించి అడుగుతావేంటి. తెలుసు."

"అయితే మామయ్యగారి కన్ను..."

"అదీ తెలుసు. చొక్కా చూశాక దేవుడొచ్చి చెప్పాలా?"

"తెలిసి ఊరుకున్నావా? పైకి వెళ్ళి ఆయన మొహాన్నే అనెయ్యకూడదూ? రోజూ అనేవాటికంటే ఇదేం పెద్దది కాదు."

మెరుగక్క స్టూలు మీద కూర్చుని డబ్బా మూత తీసింది. "చూడు పిల్లా. ఆయన కన్ను పోయింది కాబట్టి నన్ను ఉంచుకోండి అని అడగమంటావా? నా పని బాగుంది కాబట్టి ఉండమంటే ఉంటాను. ఆ మాట ఆయన నోటితో రావాలి. రాకపోతే వంతెన అవతలైనా చక్రం గుండ్రంగానే తిరుగుతుంది." ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, "ఆ రాయి మాత్రం..." అంది. మిగతాది మింగేసింది.

కోడలు మెట్లెక్కి నేరుగా అత్తగారి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"అత్తయ్యా, మామయ్యగారి చొక్కా ఏ రంగు?"

"నీలం. సీసా అంతా ఒలకబోశావా ఏం?"

"ఆయన తెలుపన్నారు."

"విన్నాను."

"కింద రాళ్ళు కూడా తల్లిరాయి పక్కన పెట్టి చూసి వచ్చాను. మీకెప్పటినుంచి తెలుసు?"

అత్తగారు తువ్వాలును నాలుగు మడతలు పెట్టి, నచ్చక విప్పి, మళ్ళీ మడిచింది. "మేజోళ్ళు జతలు తప్పి తొడుక్కున్నప్పటినుంచీ. ఒకటి నలుపు, ఒకటి ముదురు నీలం. అప్పటినుంచీ నేనే జతకట్టి బూట్లలో పెడుతున్నా. కంటి డాక్టరును కూడా అడిగి వచ్చాను. కంట్లో పొర కమ్ముతుందట, లోకమంతా పాత కాగితం వెనకనుంచి చూసినట్టు ఉంటుందట. తీసేస్తే పోతుందట. చిన్న పనే."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పనే? ఆ కుర్చీలో ఆయన, ఆ కుర్చీలోంచి లేస్తే ఎవరు? రిటైరైన పెద్దమనిషి ఇంట్లో తిరుగుతుంటే నేను మాత్రం ఏం సుఖపడతాను? ఎవరో ఒకరు ముందు నోరు తెరుస్తారని చూస్తున్నా."

"నేను తెరిస్తేనో?"

"తెరువు. నాకేం తెలియదంటాను," అంది అత్తగారు ప్రశాంతంగా.

ఈ ఇంట్లో ఒక రహస్యం ఉంటే దానికి ఇంతమంది కాపలా. అందరూ కాపలా కాస్తున్నది పెద్దాయన పరువును. జీతం పోతున్నది మెరుగక్కకి.

*

మర్నాడు, శుక్రవారం, మామగారు మామూలు తెల్లచొక్కాలో వచ్చి కూర్చున్నారు. ఆయనే బీరువాలోంచి పాతది వెతుక్కుని తీసుకున్నారు. నీలంది ఏమైందని కోడలు అడగలేదు.

రాళ్ళు వస్తున్నాయి, బల్ల చివరికి పోతున్నాయి. "రెండో రంగు. రెండో రంగు. ఇది పరవాలేదు... ఉహూ, రెండోదే." మెరుగక్క చక్రం ఆపకుండా పనిచేసుకుపోతోంది. ఆమె సంచి అప్పటికే గోడకు ఆనించి ఉంది. లక్క, పుల్లలు, సొంత నూనెసీసా అందులో సర్దేసుకుంది. ఆ సంచి వైపు చూడకుండా ఉండటానికి మామగారు పడుతున్న కష్టం కోడలు చూస్తూనే ఉంది.

పాము చావకుండా, కర్ర విరగకుండా పని జరిగే దారి ఆమె రాత్రికి రాత్రి కనిపెట్టలేదు గానీ, పొద్దున పప్పు కడుగుతుంటే తట్టింది. చివరి పొట్లాల మధ్యలోకి ఇంకో పొట్లం చేర్చింది. అరచేతులు చెమర్చాయి. బీఏలో ఆర్థికశాస్త్రం ఫైనల్ పరీక్షకు కూడా ఇంత చెమట పట్టలేదు.

మామగారు ఆ పొట్లం విప్పారు. పట్టకారుతో రాయిని ఎత్తి, కిటికీకి ఎదురుగా పట్టి, కొంచెం వంచి చూశారు.

"రెండో రంగు. ఆకుపచ్చ జీర."

పట్టకారు బల్ల చివరికి కదలబోయి ఆగింది. ఆయన రాయిని అరచేతిలోకి వేసుకున్నారు. మెరుగు పెట్టిన రాయిని ఒట్టిచేత్తో ముట్టుకోవడం ఈ గదిలో నేరం. ఆయన బొటనవేలు రాయి అంచు చుట్టూ తిరిగింది. తండ్రి చేతి పాతకాలపు కోత, ఈ కాలం యంత్రాలకు లేని కాస్త వంకర. వేలు అక్కడ నిలిచిపోయింది.

"రాశావా?" అన్నారు.

"లేదు మామయ్యగారూ."

"రాయమ్మాయ్. నా కంటికి కనిపించింది చెప్పాను. రెండో రంగు."

కోడలు పెన్సిలు పట్టుకుంది గానీ రాయలేకపోయింది.

"మీ అత్తయ్య సలహానా ఇది?"

"కాదు, నాదే. అత్తయ్యకేమీ తెలియదు," అని, ఒప్పందం ప్రకారం చెప్పేసింది.

"దానికి అంతా తెలుసు. నా మేజోళ్ళు ఈ మధ్య తమంతట తామే జతకడుతున్నాయి, నేను చూడలేదనుకుంటోందా." ఆయన మొహంలో నవ్వులాంటిదేదో వచ్చి పోయింది. "నీకెలా తెలిసింది?"

"చొక్కాలు చెప్పాయి."

"నాకు గోడ చెప్పింది. వేసవిలో ఈ గదికి రంగు వేయించినప్పుడు మీగడరంగు వేశాడని పెయింటరు మీద కేకలేశాను కదా. వాడు పాపం డబ్బా మీది అక్షరాలు చూపించాడు. తెలుపు అని రాసి ఉంది. అప్పుడే తెలిసింది."

అంటే వేసవి నుంచి. చక్రం చప్పుడు ఉండబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఈ మాటలన్నీ అటు చివరిదాకా వినబడేవి.

"తెలిసీ ఎలా చూస్తున్నారు మామయ్యగారూ?"

"అనుమానం ఉన్నదాన్నల్లా రెండో రంగులో వేస్తున్నా. నాసిరాయి మొదటి రంగు పేరుతో బయటికి పోతే ఇంటి పేరు పోతుంది. మంచి రాయి రెండో రంగు పేరుతో పోతే ఎవరికేం నష్టం? కొన్నవాడు సంతోషిస్తాడు."

"మెరుగక్కకి నష్టం."

అంత గట్టిగా అనాలని ఆమె అనుకోలేదు. మామగారు తలతిప్పి గది అటు చివరికి చూశారు. మెరుగక్క వీపు, వంగిన మెడ, గోడకు ఆనిన సంచి. ఈసారి ఆయన ఆ సంచిని చూశారు.

"దిశ నిజంగానే తప్పుతోందేమోనని ఆశపడ్డానమ్మాయ్," అన్నారు నెమ్మదిగా. "నా కన్ను పోయిందనుకోవడం కంటే దాని చెయ్యి పోయిందనుకోవడం తేలికనిపించింది. అనుకోగా అనుకోగా అదే నిజమనిపించింది."

ఆయన తల్లిరాయిని మెత్తటి గుడ్డతో, తన వేలిముద్రలన్నీ పోయేదాకా తుడిచారు. డబ్బాలో పెట్టలేదు. తెల్లకాగితం మధ్యలో పెట్టి లేచారు.

"రేపు రంగుచీర కట్టుకోకు," అన్నారు.

ఎందుకు చెప్పారో ఆమెకు అర్థం కాలేదు. ఎప్పుడూ కట్టుకోవడం లేదు కదా అని మాత్రం మనసులో అనుకుంది.

*

శనివారం ఆమె దిగి వచ్చేసరికి ఉత్తరపు కిటికీ కింద కుర్చీ ఖాళీగా ఉంది. మామగారు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. పొడుగు మనిషి కావడంతో మోకాళ్ళు గడ్డానికి అందుతున్నాయి. బల్ల మీద రెండో రంగు పొట్లాలన్నీ ఒక కుప్పగా, తల్లిరాయి మధ్యలో.

"కూర్చో," అన్నారు కుర్చీ చూపించి. "ఒక్కోటి విప్పి తల్లిరాయి పక్కన పెట్టు. కనిపించింది గట్టిగా చెప్పు. నేను పొట్లం కడతాను."

"నేనా?"

"నిన్న దొంగతనంగా నన్ను పరీక్షించావుగా. ఇవాళ దొరలా చూడు. మొన్న రాళ్ళు కూడా చూశావట, మీ అత్తయ్య చెప్పింది. ఏమీ తెలియని మనిషి కదా, చాలానే చెప్పింది."

కుర్చీ ఆమె అనుకున్నంత మెత్తగా లేదు. కిటికీ వెలుతురు మాత్రం చల్లటి నీళ్ళలా కాగితం మీద పరుచుకుని ఉంది. గదికి అటువైపు మెరుగక్క వచ్చింది, ఇటు చూసింది, కనుబొమ్మలు ఎగరేసింది, మోటారు వేసింది.

"మెరుగక్కా, కాస్త ఆపు," అన్నారు మామగారు.

ఆమె ఆపలేదు. చివరి రోజు ఎవరి మాటా వినక్కర్లేదని ఆ వీపు చెబుతోంది. మామగారు రెట్టించలేదు. కోడలికి కానివ్వమని సైగ చేశారు.

"మొదటి రంగు," అంది కోడలు. గొంతు పీలగా వచ్చింది.

"వినబడలేదు. చక్రానికి వినబడేలా చెప్పు."

"మొదటి రంగు."

మామగారు పొట్లం కట్టారు. పెద్ద వేళ్ళతో, అడ్డదిడ్డంగా. కోడలి చేతులు ఊరుకోలేక ఆ పొట్లం వైపు సాగాయి. ఆయన వెనక్కి లాక్కున్నారు. పాత రాత మీద గీత కొట్టి పక్కన కొత్తది రాశారు.

"మొదటి రంగు. మొదటి రంగు. ఇదీ మొదటిదే."

మోటారు ఇంకా తిరుగుతోంది గానీ పుల్ల చివర రాయి చక్రాన్ని తాకడం లేదు. మెరుగక్క చెయ్యి గాలిలో ఉంది. అంత నూనె ఖర్చుపెట్టి చక్రాన్ని ఉత్తినే తిప్పడం ఆమె చరిత్రలో లేదు.

"మొదటి రంగు. మొదటి... కాదు. ఇది రెండో రంగు."

మోటారు ఆగింది.

"ఏదీ?" అంటూ మెరుగక్క లేచి వచ్చింది. రాయిని తల్లిరాయి పక్కన చూసి, పట్టకారుతో అటూ ఇటూ తిప్పింది. పరీక్ష ఎవరికో తెలియడం లేదు.

"అవును, రెండోదే. ఆ రోజు కరెంటు పోయి పోయి వచ్చింది," అని మెరుగక్క ఒప్పుకుంది. తర్వాత కోడలిని చూసి, "మొహమాటానికి పోతావనుకున్నా. పోలేదు. పరవాలేదు," అంది.

మామగారు స్టూలు మీదినుంచి లేచారు. మోకాళ్ళు టప్పుమన్నాయి. గొంతు సవరించుకున్నారు, మళ్ళీ సవరించుకున్నారు. వాక్యం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని మనిషిలా కాగితం చివర సరిచేశారు. అత్తగారు ఏదో పనున్నట్టు మెట్ల మీద నిలబడి ఉంది, చేతిలో ఏ పనీ లేదు.

"దిశ తప్పలేదు," అన్నారు. "ఆ కరెంటు పోయిన రాయి తప్ప దేనికీ తప్పలేదు. నీ పని ఎప్పట్లాగే ఉంది. నా కంటికే పొర వచ్చింది. మంగళవారం తీయించుకుంటున్నా. మా ఆవిడ ఎప్పుడో డాక్టరుతో మాట్లాడి పెట్టిందట, నాకు చెప్పలేదు."

"మీరు ఎవరికి చెప్పారు గనక?" అంది అత్తగారు మెట్ల మీదినుంచే.

"సరే, తప్పయింది. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెబుతున్నా. ఉండు మెరుగక్కా."

మెరుగక్క అంత తేలిగ్గా జవాబిచ్చే మనిషైతే ఈ గదిలో ఇన్నేళ్ళు నిలిచేదే కాదు. గుడ్డ తీసి చేతులు తుడుచుకుంది. ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకుంది.

"కన్ను బాగయ్యాక మళ్ళీ దిశ తప్పిందంటారా?"

"తప్పితే అంటాను."

"అనాలి," అంది మెరుగక్క. "తల్లిరాయి పక్కన పెట్టి అనండి. అప్పుడు మాట పడతాను."

కోడలి భర్త అప్పుడే లోపలికి వచ్చి, వంతెన అవతలికి ఎన్ని గంటలకు వెళ్ళాలని అడిగాడు. కుర్చీలో భార్యనూ, స్టూలు పక్కన తండ్రినీ, మెట్ల మీద తల్లినీ చూసి, తను రెండు రోజులు ఊళ్ళో లేకపోతే ఇంత జరుగుతుందా అన్నట్టు గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయాడు.

మామగారు సొరుగులోంచి పెద్దరాయి పొట్లం తీశారు. విప్పారు. మెరుగక్క చెయ్యి చాపలేదు. ఆయనే ఆమె చెయ్యి ఉన్న చోటికి రాయిని తీసుకెళ్ళి, ఆగారు. ఆమె అరచెయ్యి తెరిచింది.

అలవాటు చొప్పున ఆయన రెండో చెయ్యి జేబులోని సిరాకలానికి వెళ్ళింది. ఏ ముడిరాయికైనా నిండు నీలం ఎటుందో చూసి గుర్తు పెట్టేది ఆయనే. దాని మీదే మిగతా పనంతా. కలం మూత తీశారు. రాయిని చూశారు. పట్టుపోగుల మీద వెలుతురు కదిలింది, అంతకంటే ఏం కనిపించిందో ఆయనకే తెలియాలి. మూత పెట్టి కలాన్ని ఆమెకిచ్చారు.

"గుర్తు కూడా నువ్వే పెట్టుకో."

మెరుగక్క కలం తీసుకుంది. ఈ రాయిని ఒకసారి కోస్తే మళ్ళీ అతికించడం ఎవరి తరమూ కాదు. ఆమె కిటికీ దగ్గరికి నడిచి, రాయిని కంటికెదురుగా పట్టి, తిప్పింది. ఆగింది. పక్కకు తిప్పింది. పెదవులు బిగించింది. కోడలు కుర్చీతో సహా వెనక్కి జరిగి చోటిచ్చింది. గుమ్మం దగ్గర భర్త తలగోక్కోవడం మానేశాడు. మామగారు మాత్రం ఆగలేక ముందుకు వంగి, కిటికీకీ ఆమెకీ మధ్య తలపెట్టి చూస్తున్నారు.

"పెద్దయ్యా," అంది మెరుగక్క, రాయి మీదినుంచి చూపు తిప్పకుండానే. "పక్కకి జరగండి. వెలుతురుకి అడ్డంగా ఉన్నారు."

ఆయన జరిగారు.